నెల పాఠం: బియ్యం బస్తా, పట్టు పోగు, కారు కార్పెట్



ఎనిమిదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో కృత్రిమ దారాలు, ప్లాస్టిక్‌ల పాఠం ఉంది. నైలాన్, పాలిస్టర్, పాలీప్రొపిలీన్ అనే పేర్లు పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, ఆ తర్వాత మరచిపోతారు. ఈ నెల ఆ పాఠాన్ని మీ ఇంటి ముందు నిలబెట్టిన పాత కారులోకి తీసుకెళ్దాం.

ముందు నా అనుభవం చెబుతాను. మాది సెకండ్‌హ్యాండ్ కారు. కాళ్ల కింద కార్పెట్ వెలిసిపోయి బూడిద రంగుకు తిరిగింది. దసరాకు ముందు ఒక షాపులో నల్లరంగు స్ప్రే కొట్టించాం. రెండు వేల చిల్లర అయింది. ఇంటికి తెచ్చిన రోజు కొత్త కారులా మెరిసింది. మూడు వారాలు తిరగకముందే, ఒక శనివారం వైట్ డ్రెస్‌లో కారు దిగిన మా అమ్మాయి తెల్ల సాక్సులు నల్లగా అయ్యాయి. "అమ్మా, రంగు కార్పెట్‌కు అంటలేదు, నాకు అంటింది" అంది. సైన్స్ టీచర్‌ని అయి ఉండి కూడా డబ్బు ఇచ్చే ముందు అడగాల్సిన ఒక్క ప్రశ్న నేను అడగలేదు. ఈ కార్పెట్‌ను ఏ నారతో చేశారు?

రంగు ఎందుకు పడుతుంది, ఎందుకు పోతుంది?

రంగు కణాన్ని ఒక సంచి అనుకోండి. నారను గోడ అనుకోండి. గోడకు మేకులు ఉంటేనే సంచి వేలాడుతుంది.

నైలాన్, ఉన్ని, పట్టు గోడలకు మేకులు ఉన్నాయి. వాటి అణువుల్లోని కొన్ని భాగాలు పుల్లటి నీటిలో ధనావేశం పొందుతాయి. యాసిడ్ డై అనే రకం రంగులకు రుణావేశం ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి. అందుకే వేడి నీటిలో కాస్త వెనిగర్ ఉంటే చాలు, రంగు లోపలికి వెళ్లి నిలుస్తుంది.

పాలిస్టర్ గోడకు అలాంటి మేకులు లేవు. డిస్పర్స్ డై అనే వేరే రకం రంగును ఫ్యాక్టరీలో సుమారు 130 డిగ్రీల వేడిలో, ఒత్తిడితో దాని లోపలికి పంపుతారు. ఆ పని ఇంట్లోనూ కుదరదు, కారులోనూ కుదరదు.

పాలీప్రొపిలీన్ సంగతి ఇంకా కష్టం. అందులో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. మామూలు రంగు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే నార తీయకముందే, ప్లాస్టిక్ కరిగి ఉన్నప్పుడే రంగు పొడి కలిపేస్తారు. దాని మీద మనం తర్వాత ఏ రంగు కొట్టినా అది పైపూతే. బూటు రాపిడికి లేస్తుంది, తడి సాక్సుకు అంటుతుంది.

ఇంట్లో చేసి చూడండి

మొదటి ప్రయోగం: ఒక గ్లాసు నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక చుక్క వేయండి. బియ్యం బస్తా నుంచి ఒక పోగు, పాలిస్టర్ చున్నీ నుంచి ఒక పోగు, కారు సీటు కింద కనిపించని చోట కత్తిరించిన నాలుగు కార్పెట్ నారలు అందులో వేసి, గాలి బుడగలు పోయేలా చెంచాతో ముంచండి. నేసిన ప్లాస్టిక్ బియ్యం బస్తా సాధారణంగా పాలీప్రొపిలీన్. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.9 గ్రాములు కాబట్టి పైకి తేలుతుంది. నైలాన్ సాంద్రత సుమారు 1.14, పాలిస్టర్‌ది 1.38. ఆ రెండూ మునుగుతాయి. షాపులో నైలాన్ తాడు అని అమ్మేదాన్ని కూడా వేసి చూడండి. చాలాసార్లు అది కూడా తేలుతుంది!

రెండో ప్రయోగం, పెద్దలు దగ్గరుండి చేయించాలి: రెండు గ్లాసుల నీళ్లలో పావు చెంచా ఫుడ్ కలర్, రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలపండి. తెల్ల పట్టు పంచె పోగు, కాటన్ బనియన్ ముక్క, పాలిస్టర్ ముక్క, బస్తా ముక్క, మునిగిన కార్పెట్ నారలు అందులో వేసి, మరగనివ్వకుండా సన్నని మంట మీద అరగంట ఉంచండి. చల్లారాక సబ్బుతో కడగండి. పట్టు పోగు దొరకకపోతే కోడి తెల్ల ఈకను శుభ్రంగా కడిగి వాడండి. ఈక కూడా ఉన్నిలాగే ప్రోటీనే.

పట్టు, ఈక ముదురు రంగులో మిగులుతాయి. కాటన్, పాలిస్టర్, బస్తా ముక్కల రంగు చాలావరకు కడుగులో పోతుంది. కార్పెట్ నార లేత రంగుదైతే, అది నైలానో కాదో ఇక్కడే తేలిపోతుంది. పిల్లలను ముందే ఊహించి నోట్‌బుక్‌లో రాయమనండి. ఊహ తప్పినా కొట్టివేయనివ్వకండి. అది ఎందుకు తప్పిందో పక్కనే రాస్తే అదే అసలు పాఠం.

మన పెద్దలకు తెలిసిన సంగతే

నూలుకు రంగు సులువుగా నిలవదని మన రంగుల పనివాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. పెడన కలంకారీలో బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. ఎరుపు కావాల్సిన చోట పటిక అద్దుతారు. నలుపు కోసం ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టిన ద్రావణం వాడతారు. నల్గొండ వైపు పుట్టపాక తేలియా రుమాలుకు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. రంగు వేయడం కంటే రంగు పట్టేలా బట్టను సిద్ధం చేయడమే పెద్ద పని.

మరి కారు సంగతి?

ఉతికాకే నిర్ణయించండి. కొన్నిసార్లు వెలిసిందనుకున్న రంగు లోపల దిగిన మట్టే. నార నైలాన్ అయితే, కార్పెట్‌ను బయటికి తీసి వేడి నీటితో సరైన రంగు వేయించవచ్చు. రంగు ముదురు చేయగలం గానీ లేత చేయలేం. నార తేలితే రంగుకు డబ్బు పెట్టకండి. మంచి మ్యాట్లు కొనడం చవక.

డోర్ ప్యాడ్ల వంటి గట్టి ప్లాస్టిక్‌కు వేసేది ఎప్పుడూ పూతే. ఊడదీసిన భాగం వెనక పీపీ లేదా ఏబీఎస్ అని ఇంగ్లిష్ అక్షరాలు అచ్చుపోసి ఉంటాయేమో పిల్లలను వెతకమనండి. పీపీ అంటే మన బియ్యం బస్తా జాతే. దానికి ముందుగా అడ్హెషన్ ప్రమోటర్ అనే ప్రైమర్ వేయకపోతే పెయింట్ పొరలు పొరలుగా లేస్తుంది. పాత డాష్‌బోర్డ్ పాలిష్ జిడ్డు పూర్తిగా పోవాలి. ఒకే మందపు పూత బదులు పలుచటి పూతలు వేసి, ఒక్కోటి ఆరనివ్వాలి. స్ప్రే పని గాలి ఆడే చోట, మాస్క్‌తో పెద్దలే చేయాలి. పిల్లలు దూరంగా ఉండాలి.

మూడు చోట్ల మాత్రం రంగు వద్దే వద్దు. సీటు బెల్టు మీద రసాయనాలు పడితే నేత బలహీనపడవచ్చు. ఎయిర్‌బ్యాగ్ మూతకు పెయింట్ వేస్తే అది తెరుచుకోవడంలో తేడా రావచ్చు. స్టీరింగ్, పెడల్ జారకూడదు. డాష్‌బోర్డ్ పైభాగం కూడా మెరవకూడదు. ఎండలో దాని ప్రతిబింబం ముందు అద్దం మీద పడి డ్రైవర్ చూపుకు అడ్డొస్తుంది.

మా ఇంట్లో పరీక్ష చేస్తే మా కార్పెట్ నారలు తేలాయి. "మన కారూ బియ్యం బస్తా ఒకే జాతి" అని మా అమ్మాయి వారం రోజులు నవ్వింది. స్ప్రే చేసిన దాన్ని రెండుసార్లు ఉతికించి, మ్యాట్లు వేసుకున్నాం.

మాణికేశ్వర్ నగర్ పిల్లలకు ఈ పాఠం దూరపు సంగతి కాదు. పక్కనే ఉస్మానియా క్యాంపస్‌లో టెక్స్‌టైల్ టెక్నాలజీ చదువు ఉంది. 1944లో మొదలైన ప్రయోగశాలే నేడు తార్నాకలో ఉన్న ఐఐసీటీ. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు సెలవుల్లో ఇంట్లోనే క్వినైన్ తయారు చేయబోయి విఫలమయ్యాడు. గిన్నెలో మిగిలిన మడ్డి నుంచి ఊదారంగు వచ్చింది. కృత్రిమ రంగుల పరిశ్రమ అక్కడే మొదలైంది.

మీ పిల్లలను ఈ మూడు ప్రశ్నలు అడగండి:
1. బస్తా పోగు తేలింది, చున్నీ పోగు మునిగింది. ఎందుకు?
2. వెనిగర్ లేకుండా రెండో ప్రయోగం చేస్తే పట్టు రంగులో తేడా ఉంటుందా? చేసి చూడండి.
3. మన స్కూల్ యూనిఫాం లేబుల్ మీద ఏ నార పేరు ఉంది? దానికి ఇంట్లో రంగు వేయగలమా?

రంగు పట్టిన పోగులను కాగితానికి అతికించి, పక్కన పేర్లు రాసి క్లాస్ టీచర్‌కు పంపండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు వాటిని సైన్స్ ల్యాబ్ గోడ మీద పెడతాం.