మొదటి ఆల్బమ్‌కి మార్కులు ఎలా వేయాలి?

హాస్టల్లో నేను హెడ్‌ఫోన్స్ లేకుండా పాట పెడితే మా రూమ్మేట్ ఒకటే అడుగుతాడు: "మిక్సీలో రాళ్లేశావా రా?" నేను వినేది డెత్ మెటల్. "నీకు అర్థం కాదులే" అని తప్పించుకునేవాణ్ణి. ఒకరోజు వాడు వదల్లేదు. "సరే, ఇది మంచి ఆల్బమని దేన్ని బట్టి చెప్తున్నావ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అందుకే కూర్చుని ఆలోచించి ఇది రాస్తున్నాను.

ఉదాహరణకి అమెరికాలోని ఫ్లోరిడాలో పుట్టిన 'డెత్' అనే బ్యాండ్ తొలి ఆల్బమ్ 'స్క్రీమ్ బ్లడీ గోర్' తీసుకుందాం. 1987లో వచ్చింది. 10 పాటలు, 40 నిమిషాల లోపే. గిటారు, బేస్, గొంతు మూడూ చక్ షుల్డినర్‌వే. డ్రమ్స్ క్రిస్ రైఫర్ట్. అంటే వాయించింది ఇద్దరే! రికార్డింగ్ నాటికి చక్ వయసు 19. ఇప్పుడు నా వయసూ అంతే.

మొదటి ప్రశ్న: ఆ చప్పుడులో క్రమం ఉందా? మొదటి పాట 'ఇన్ఫర్నల్ డెత్' వినండి. నెమ్మదిగా, బరువుగా మొదలై ఒక్కసారిగా పరుగందుకుంటుంది. 'జాంబీ రిచువల్' ముందు చిన్న రాగం లాంటిది వస్తుంది. అది భయపెడుతుంది కానీ గుర్తుండిపోతుంది. ఒక్కసారి విన్నాక రిఫ్‌ని, అంటే పదేపదే తిరిగొచ్చే గిటారు వరసని, మనం నోటితో అనగలిగితే అక్కడ పాట ఉన్నట్టే. ఇక గొంతు. గ్రౌల్ అంటే ఊరికే అరవడం కాదు, మామూలు స్వరతంతువుల పైనున్న మడతల్ని కూడా కంపింపజేసే పద్ధతి. చక్ అలా పాడుతున్నా చాలా మాటలు తెలుస్తూనే ఉంటాయి.

రెండో ప్రశ్న: అప్పటికి ఏముంది? 1985లోనే 'పొసెస్డ్' బ్యాండ్ 'సెవెన్ చర్చెస్' తెచ్చింది. అందులో 'డెత్ మెటల్' పేరుతో ఒక పాట కూడా ఉంది. కాబట్టి అన్నీ చక్కే కనిపెట్టాడు అంటే అభిమానం అవుతుంది గానీ అంచనా అవదు. ఉన్న దారినే అతను ఇంకా మొరటుగా, ఇంకా స్పష్టంగా వేశాడు. నా లెక్కలో అదీ గొప్పే.

మూడో ప్రశ్న అభిమానులకి కష్టం: లోపాలేంటి? సాహిత్యం దాదాపు అంతా హారర్ సినిమాల రక్తమే. 'ఈవిల్ డెడ్' అని సినిమా పేరుతోనే ఒక పాట ఉంది. వరసగా వింటే మధ్యలో కొన్ని పాటలు ఒకేలా అనిపిస్తాయి. బేస్ గిటారు వెనకాలే ఉండిపోతుంది. ఇవి చెప్పకపోతే నా పొగడ్తకి విలువ లేదు.

చివరిది: తర్వాతి పనిని చూసి మొదటిదానికి మార్కులు తగ్గించకూడదు, కలపకూడదు. 1991లో అదే చక్ 'హ్యూమన్' చేశాడు. సంగీతం చిక్కబడింది, మాటలు మనిషి లోపలికి తిరిగాయి. 2001లో, 34 ఏళ్లకే, మెదడు కణితితో చనిపోయాడు. ఆ కథ తెలిశాక తొలి ఆల్బమ్ వింటే జాలి, గౌరవం అడ్డొస్తాయి. వాటిని కాసేపు పక్కన పెట్టి, 19 ఏళ్ల కుర్రాడు చేతిలో ఉన్నదాంతో ఏం చేశాడో అదే వినాలి. అలా విన్నాక నేను పదికి ఏడున్నర వేశాను.

ఈ నాలుగు ప్రశ్నలూ రూమ్మేట్‌కి చెప్పి 'జాంబీ రిచువల్' పెట్టాను. పూర్తిగా విన్నాడు. "నచ్చలేదు. కానీ ఆ మొదట్లో వచ్చే ముక్క బావుంది" అన్నాడు. అది కూడా అంచనానే. "మిక్సీ" కంటే చాలా మెరుగు.

ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను తెలుగులో రాసిన మొదటి వ్యాసం ఇది. మీరూ జాలిపడకుండా మార్కులు వేయండి.