కెరూబులు, రెక్కల శిశువులు
పాఠ్యభాగము: నిర్గమకాండము 25:17-22



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో మన యిండ్లకు వచ్చు పెండ్లి పత్రికలమీదను, క్రిస్మసు కార్డులమీదను బొద్దుగానున్న రెక్కల శిశువుల బొమ్మలు చూచుచున్నాము. ఇవే బైబిలులోని కెరూబులని మనలో అనేకులు తలంచుదురు. ఇది నిజమేనా?

వాక్యమును చూతము. ఆదాము ఏదెను తోటనుండి వెళ్లగొట్టబడిన తరువాత జీవవృక్షమునకు పోవు మార్గమును కాచినవి కెరూబులు. యెహెజ్కేలు చూచిన కెరూబులకు నాలుగేసి ముఖములు, నాలుగేసి రెక్కలు ఉండెను. అవి పసిబిడ్డలవలె ఉండెనని ఎక్కడను వ్రాయబడలేదు.

మరి ఈ శిశువులు ఎక్కడివారు? ప్రాచీన రోమీయులు క్యూపిడ్ అను తమ ప్రేమదేవతను రెక్కలు, విల్లు, బాణములు గల బాలునిగా చిత్రించిరి. మన దేశములో చెరకువిల్లు, పూలబాణములు గల మన్మథుని గూర్చి చెప్పుదురు గదా, అట్టివాడే యితడు. తరువాత ఇటలీ చిత్రకారులు ఆ బాలుని రూపమునే దేవదూతలకు ఇచ్చిరి. కార్డులమీద తరచుగా కనబడు ఇద్దరు రెక్కల శిశువులు రఫాయేలు 1512 ప్రాంతమున వేసిన మరియమ్మ పటములో అడుగుభాగమున ఉన్నవారే. 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో రొకోకో అను చిత్రకళ వ్యాపించినప్పుడు బూషే మొదలైనవారు ధనికుల మందిరములను ఇట్టి శిశువులతో నింపిరి. పావురములు, గులాబీలు, బాణములు వారికి ప్రేమ గురుతులు.

ఆ ప్రేమ యెట్టిది? ఫ్రాగొనార్ 1767లో వేసిన ‘ఉయ్యాల’ అను పటము చూడుడి. ఒక స్త్రీ ఊగుచున్నది. వెనుక ఒక ముసలివాడు త్రాళ్లు లాగుచున్నాడు. ప్రియుడు పొదలో దాగి యామెను చూచుచున్నాడు. ప్రక్కనున్న క్యూపిడ్ రాతిబొమ్మ పెదవులమీద వ్రేలుంచుకొని, ఎవరితోను చెప్పవద్దన్నట్లున్నది. ఆ ప్రేమకు చాటు కావలెను.

మందసముమీది బంగారు కెరూబులు అట్టివి కావు. అవి ఎదురెదురుగా నుండి, రెక్కలు చాపి, కరుణాపీఠమువైపు చూచుచుండెను. ప్రాయశ్చిత్త దినమున ఆ పీఠముమీదనే రక్తము ప్రోక్షింపబడెను. అది పాపమును దాచు చోటు కాదు, పాపము క్షమింపబడు చోటు. క్రీస్తునందు మనము ఎరిగిన ప్రేమ ఇదే: అది వెల చెల్లించిన ప్రేమ.

బాణముతో వచ్చిన ప్రేమ గాయము మానగానే పోవును. సంఘమునెదుట ఇచ్చిన మాట కరువులోను, వ్యాధిలోను, భర్త కూలిపనికి వలసపోయిన నెలలలోను నిలువవలెను.

పత్రికమీద బొమ్మ వేయించుట పాపమని మేము చెప్పుట లేదు. అయితే ఆ బొమ్మ యెవరిదో ఆదివారపు బడిలో మన పిల్లలకు తెలుపుడి. ఈ మాసములో ఒక రాత్రి కుటుంబ ప్రార్థనయందు ఈ పాఠ్యభాగమును చదువుడి. మన కాపురములో పెదవులమీద వ్రేలుంచి దాచవలసినదేమైన ఉన్నదా అని భార్యాభర్తలు కలిసి యోచించుడి.