రాబడియు సంపదయు

రాబడి యధికమైనవాఁడే ధనవంతుఁడని పలువురు తలంతురు. అది సరి కాదు. వర్షకాలమున నాగావళి యొడ్డు లొరసి పాఱును; ఆ నీరు కళ్లేపల్లికడ సముద్రమున గలిసిపోవును. వేసవిలో పశువుల దప్పి తీర్చునది ఊరి చెఱువున నిలిచిన నీరే. రాబడి ప్రవాహము, అప్పులు పోఁగా నిలిచినదే సంపద.

ఇందులకు దృష్టాంతము మన విజయనగర సంస్థాన చరిత్రముననే కలదు. 1802లో జరిగిన శాశ్వత శిస్తు నిర్ణయమున దానికి సుమారు 5 లక్షల రూపాయల పేష్కషు ఏర్పడెను. పంట పండినను ఎండినను ఆ మొత్తము మాఱదు. వేయికి మించిన గ్రామముల రాబడి గలిగియు నారాయణ గజపతిరాజుగారు అప్పుల పాలైరి. సంస్థానమును దొరతనమువారి యాజమాన్యమునకు విడిచి కాశి కేఁగి, 1845లో నచ్చటనే దివంగతులైరి.

నేఁటి పన్నులను గూడ నీ దృష్టితోఁ జూతము. ఆదాయపు పన్ను ప్రవాహముమీఁదనే పడును. అప్పులతో నలిగెడి జీతగాఁడును దానిని చెల్లింపవలెను. పట్టణమున స్థలములు కొనియుంచినవానికి వాని వెల యెంత పెరిగినను, అమ్మువఱకు, ఆ పెరుగుదలపై నీ పన్ను లేదు. నిలువయున్న సంపదపై 1957లో విధించిన పన్ను 2015లో రద్దయ్యెను. కావున భారమును న్యాయముగాఁ బంచుట సులభము గాదని మేము తలంచుచున్నాము.

విద్యార్థులారా! ఇంటి కెంత వచ్చునని మాత్రమే గాక, అప్పు తీరి యెంత నిలుచునని యడుగుఁడు. చెల్లింపవలసిన పన్ను చెల్లింపుఁడు. మిగిలిన నీటికి గట్టు వేసికొనుఁడు.