హేమకుండ యాత్రకు సన్నాహం

అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపనం పూసుకొని అరుణాస్పదపురం నుండి క్షణంలో హిమవత్పర్వతం చేరుకున్నాడు. అక్కడి వింతలన్నీ తనివితీరా చూసి, మధ్యాహ్నమైన సంగతి గుర్తించి తిరిగి రాబోయేసరికి ఆ లేపనం మంచుకు కరిగిపోయి ఉంది. కథలో అది వరూధినితో సమావేశానికి కవి చేసిన ఏర్పాటు. కొండదారుల అనుభవం కలవారికి మాత్రం అందులో మరొక సంగతి కూడా తోస్తుంది. ప్రవరుడు వెళ్ళడాన్ని గురించి ఆలోచించాడే గాని తిరిగి రావడాన్ని గురించి ఆలోచించలేదు.

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, ఏడు శిఖరాల నడుమ, 4,000 మీటర్లు దాటిన ఎత్తున హేమకుండ సరస్సు ఉంది. హిమానీనదం, అనగా తన బరువుకు తానే మెల్లగా జారే మంచునది, ఒకప్పుడు తొలిచిన పల్లంలో నీరు నిలిచి ఇది ఏర్పడింది. ఒడ్డున సిక్కుల గురుద్వారా, లక్ష్మణుని ఆలయం ఉన్నాయి. గురు గోవింద్‌సింగ్ పూర్వజన్మలో ఇక్కడ తపస్సు చేశాడని సిక్కుల విశ్వాసం. మంచు కారణంగా ఈ దారి సాధారణంగా మే చివర నుండి అక్టోబరు వరకే తెరచి ఉంటుంది. యాత్రికులు గోవింద్‌ఘాట్ మీదుగా సుమారు 3,050 మీటర్ల ఎత్తున్న ఘాంఘరియా చేరి అక్కడ బస చేస్తారు. సరస్సు వద్ద రాత్రి ఉండటానికి వీలులేదు. ఉదయం ఎక్కి సాయంత్రానికి దిగి రావలసిందే. దూరం 6 కిలోమీటర్లే. మైదానంలో అది గంటన్నర నడక. కాని ఆ కొద్ది దూరంలోనే వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి.

ఎత్తుకు పోయేకొద్దీ గాలిలో ప్రాణవాయువు పాలు మారదు, గాలి పీడనం తగ్గుతుంది. అందువల్ల సరస్సు వద్ద ఒక్కొక్క శ్వాసలో లభించే ప్రాణవాయువు సముద్రతీరంలో లభించేదానిలో దాదాపు 60 శాతమే. శరీరం దీనికి అలవాటు పడగలదు గాని అందుకు వ్యవధి కావాలి. వ్యవధి ఇవ్వకపోతే తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. దేహదారుఢ్యం ఈ బాధ నుండి కాపాడదు. పైగా బలవంతుడు వేగంగా ఎక్కుతాడు కనుక అతనికే ముప్పు ఎక్కువ కావచ్చు. గుర్రమెక్కి వెళ్ళేవారికి కాళ్ళ శ్రమ తప్పుతుంది, ఎత్తు తప్పదు. ఘాంఘరియా వరకు హెలికాప్టరులో వచ్చేవారు ఆధునిక పాదలేపనం పూసుకున్నవారే!

కాబట్టి సన్నాహం రెండు విధాలు. కాళ్ళకు, ఊపిరికి కావలసిన సత్తువను ఇంటివద్దనే సంపాదించవచ్చు. రెండు నెలల ముందునుండి మెట్లెక్కడం, వీపున సంచితో నడవడం, దగ్గరి కొండలెక్కడం అందుకు చాలును. 2014 మే 25న ఎవరెస్టు నధిరోహించిన నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందింది భువనగిరి బండమీదనే. అయితే అటుపిమ్మట ఆమెను డార్జిలింగుకు, లడఖ్‌కు పంపవలసి వచ్చింది. ఎత్తుకు అలవాటు పడటం ఎత్తుమీదనే సాధ్యం. హేమకుండ యాత్రికునికి ఇందుకు సులభమైన మార్గం ఉంది. ఘాంఘరియాలో మొదటి రాత్రి గడిపి, మరునాడు దగ్గరలోని పూలలోయలో నెమ్మదిగా తిరిగి వచ్చి, మూడవనాడు సరస్సుకు బయలుదేరాలి. సెలవు లేదని ఆ ఒక్కరోజును మిగుల్చుకొనే వారే ఎక్కువ! హృద్రోగం, ఉబ్బసం ఉన్నవారు ప్రయాణం నిశ్చయించుకొనే ముందే వైద్యుని సంప్రదించాలి. ఎత్తు బాధను నివారించే మాత్రలు కూడా వైద్యుడు చెప్పినపుడే వాడదగినవి.

నూలుబట్ట తడిస్తే త్వరగా ఆరదు, ఒంటి వేడిని లాగివేస్తుంది. పలుచని ఉన్ని దుస్తులు ఒకదానిపై ఒకటి, వాటిపై వానకోటు ఉండాలి. బూట్లు కొత్తవి కారాదు. మంచుపై ఎండ కళ్ళను దెబ్బతీస్తుంది కనుక నల్లకళ్ళద్దాలు అలంకారం కోసం కాదు. నీళ్ళ సీసా, బెల్లం, వేరుశనగలు, చేతికర్ర సరిపోతాయి.

బయలుదేరవలసిన సమయం తెల్లవారుజాము. మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి. మాట్లాడుతూ నడవగలిగినంత నిదానమే సరియైన వేగం. జట్టులో తలనొప్పి వచ్చినవాడు చాలాసార్లు దానిని దాచుకుంటాడు. వేల రూపాయలు ఖర్చయ్యాయి, మొక్కు ఉంది, తోటివారు నవ్వుతారు, ఇంకా కిలోమీటరే ఉంది! ఇటువంటి మొహమాటం కొండమీద ప్రాణాలమీదికి తెస్తుంది. తలనొప్పి, వికారం ఉన్నవాడు ఇక పైకి అడుగు వేయరాదు. అడుగులు తడబడినా, మాట పొంతన లేకున్నా, కూర్చున్నచోటనే ఆయాసపడుతున్నా మెదడులోనో ఊపిరితిత్తులలోనో నీరు చేరుతున్నదని గ్రహించి వెంటనే కిందికి దించాలి. అట్టివానిని ఒంటరిగా పంపరాదు, తోడు ఒకరు దిగాలి. ఎవరు దిగాలో ముందురాత్రే ఘాంఘరియాలో నిర్ణయించుకోవడం మంచిది. సరస్సు కనబడిన తరువాత ఆ మాట ఎత్తితే ఎవరూ ముందుకు రారు.

క్షేమంగా చేరినవారు గురుద్వారాలో వేడి టీ, కిచిడీ స్వీకరించి, సరస్సును చూసి, మధ్యాహ్నం కాగానే దిగడం ప్రారంభించాలి. దిగుటలో మోకాళ్ళపై భారం ఎక్కువ, తడిసిన రాళ్ళు జారుతాయి. చేతికర్ర అక్కరకు వచ్చేది అప్పుడే.