అక్వేరియంలో నాచు: మందు ఎప్పుడు, ఎంత?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మాది 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం. పగడాల మధ్య రాళ్ల మీద పచ్చటి కుచ్చులు పెరుగుతున్నాయి. పీకేసినా మళ్లీ వస్తున్నాయి. మనుషులు ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్ వేస్తే పోతాయంటున్నారు. వేయొచ్చా?
- ఒక పాఠకురాలు, సాల్మియా, కువైట్

జవాబు: ముందు అది ఏ నాచో తేల్చుకోండి. ఒక కుచ్చు పీకి, నీళ్లు పోసిన తెల్ల పళ్లెంలో వేసి చూడండి. నడుమ ఈనె, దానికి అటూ ఇటూ సన్నటి పోగులతో పక్షి ఈకలా ఉంటే అది బ్రయాప్సిస్. దాని మీద ఫ్లూకోనజోల్ బాగానే పనిచేస్తుంది. ఈనె లేకుండా జుట్టులా ఉంటే ఫలితం ఒక్కో తొట్టిలో ఒక్కోలా ఉంటుంది.

ఫంగస్ కణాల పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారీని ఈ మందు అడ్డుకుంటుంది. అలాంటి స్టెరాల్స్ కొన్ని ఆకుపచ్చ నాచుల్లోనూ ఉంటాయి. పగడాలు, చేపలు, రొయ్యలు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి.

మోతాదు లీటరుకు సుమారు 5 మిల్లీగ్రాములు. రాళ్లు, ఇసుక ఆక్రమించే చోటు తీసేసి లెక్క కట్టండి. సంపుతో (తొట్టి కింద ఉండే ఫిల్టర్ పెట్టెతో) కలిపి అసలు నీరు 240 లీటర్లు ఉంటే 1,200 మిల్లీగ్రాములు కావాలి. అంటే 150 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ 8. వేరే మందు కలిసిన మాత్రలు వద్దు. యాక్టివేటెడ్ కార్బన్ తీసేయండి, యూవీ దీపం ఆపండి. సంపులో కావాలని పెంచే కీటో నాచు ఉంటే వేరే బకెట్లోకి మార్చండి, మందు దాన్నీ చంపవచ్చు. ఒక్కసారే వేసి, నీళ్లు మార్చకుండా రెండు మూడు వారాలు ఆగండి. కుచ్చులు మెల్లగా పాలిపోతాయి. రాలిన వాటిని ఎప్పటికప్పుడు తీసేయండి. తర్వాత కొంత నీరు మార్చి, కార్బన్ తిరిగి పెట్టండి.

ప్రశ్న: నేను హౌస్ డ్రైవర్‌ని సార్, మాది రాయచోటి. మా కఫీల్ (యజమాని) ఇంట్లో అక్వేరియం కూడా నేనే చూసుకోవాలి. ఇసుక మీద ఎర్రటి జిగురు పొర పరుచుకుంది. నా దగ్గర యాంటీబయాటిక్ మాత్రలున్నాయి, వేసేయనా?
- ఒక పాఠకుడు, జాబ్రియా

జవాబు: వేయకండి తమ్ముడూ. అది అసలు నాచే కాదు, సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవి. ఫ్లూకోనజోల్ దానికి పనిచేయదు. ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తో పోతుంది గానీ, చేపల మలినాలను శుద్ధి చేసే మంచి బ్యాక్టీరియాకూ ముప్పే. ఆ పొర చచ్చి కుళ్లేటప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతే చేపలు తెల్లారేసరికి తేలతాయి. అప్పుడు మాట పడేది మీరే.

సన్నటి గొట్టంతో ఆ పొరను బయటికి లాగేయండి. నీటి ప్రవాహం అక్కడికి తగిలేలా పంపు తిప్పండి. మేత తగ్గించండి. ఇంకో మాట: రాగి కలిసిన చేపల మందు ఇంట్లో ఉంటే ఈ తొట్టిలో పోయకండి. రొయ్యలు, నత్తలు, పగడాలు చచ్చిపోతాయి. ఏ మందైనా ఇంటివాళ్లకు చెప్పాకే.

ప్రశ్న: మందుతో బ్రయాప్సిస్ పోయింది, కానీ ఇప్పుడు వేరే నాచు పట్టింది. కుళాయి నీళ్లలో ఉప్పు కలిపి వాడుతున్నాను. బదులుగా సముద్రం నీళ్లు తెచ్చుకుంటే మంచిదా?
- ఒక పాఠకుడు, మంగాఫ్

జవాబు: మందు మొక్కను చంపింది, దాని తిండిని తీసేయలేదు. చచ్చిన నాచు వదిలిన నైట్రేట్, ఫాస్ఫేట్ తిని కొత్తది పెరిగింది. కువైట్ కుళాయి నీరు సముద్రపు నీటిని శుద్ధి చేసి, కొంచెం భూగర్భజలం కలిపి ఇచ్చేది. అందులో ఖనిజాలు, క్లోరిన్ ఉంటాయి. పైన మేడ మీది ట్యాంకు, పాత పైపులు కలిపేవి వేరే. ఆర్‌ఓ-డీఐ ఫిల్టర్ పెట్టి, నీటిలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపాకే ఉప్పు కలపండి.

ఒడ్డు నీరు వద్దు. ఇక్కడ ఆవిరి ఎక్కువ కాబట్టి సముద్రపు ఉప్పు లీటరుకు 40 గ్రాముల దాకా ఉంటుంది, మీ తొట్టికి 35 చాలు. పైగా ఆ నీటిని నమ్మలేం: కువైట్ అఖాతంలో 1999లో రెడ్ టైడ్ (సూక్ష్మ నాచు విపరీతంగా పెరిగి నీరు రంగు మారడం) వచ్చింది, 2001లో వేల టన్నుల చేపలు చచ్చిపోయాయి. కుబ్బర్, ఖరూ, ఉమ్ అల్ మరాదిమ్ దీవుల దగ్గర పగడాలు పెరుగుతున్నాయి నిజమే. అవి ఆ ఉప్పుకు, ఆ ఎండకు తరాలుగా అలవాటు పడినవి. కొట్లో కొన్నవి అలా కాదు.

ఫ్రోజెన్ మేతను కరిగించి, ఆ నీరు పారబోసి వేయండి. నైట్రేట్ లీటరుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.1 మిల్లీగ్రాము లోపు ఉంచండి. రెండూ సున్నాకు దించితే డైనోఫ్లాజెల్లేట్స్ అనే మరో తలనొప్పి మొదలుకావచ్చు.

ప్రశ్న: వచ్చే వారం సెలవుకు ఊరెళ్తున్నాను. మందు వేసి వెళ్తే తిరిగొచ్చేసరికి నాచు పోతుంది కదా?
- ఒక పాఠకుడు, ఫర్వానియా

జవాబు: వేయకండి. నాచు చనిపోయే రోజుల్లోనే తొట్టిని ఎక్కువ కనిపెట్టుకోవాలి. పైగా ఎండాకాలం ఏసీ ఆగిందంటే నీరు వేడెక్కి ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. ఇప్పుడు చేత్తో వీలైనంత పీకేసి, దీపాల సమయం తగ్గించి, ఆవిరైన మేరకు మంచినీరు నింపే మనిషిని పెట్టి వెళ్లండి. వచ్చాక పరీక్షలు చేసి, అప్పటికీ అది బ్రయాప్సిసే అయితే మందు మొదలుపెట్టవచ్చు.