వేట లేని అరవై ఒక్క రోజులు

ఏప్రిల్ 14 వచ్చేసరికి కృష్ణపట్నం తీరంలో పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. మర్నాటి నుంచి ఇంజను పడవలు సముద్రంలోకి పోకూడదు. జూన్ 14 దాకా వేట నిషేధం. ఏప్రిల్‌లో 16 రోజులు. మే నెలలో 31 రోజులు. జూన్‌లో 14 రోజులు. కూడితే 61 రోజులు. 2015కు ముందు ఇన్ని రోజులు ఉండేది కాదు. ఆ ఏడాది నుంచి 61 రోజులు చేశారు.

ఎందుకు ఆపుతారు? అది చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు కూడా వలలు లాగితే తర్వాత పట్టడానికి చేప మిగలదు. ఒక్క కృష్ణపట్నంలోనే కాదు. తూర్పు తీరం పొడవునా, తమిళనాడు నుంచి బెంగాల్ దాకా, ఈ రోజుల్లో ఇంజను పడవలు ఆగుతాయి.

అంటే వేటగాడు ఈ 61 రోజులు ఇంట్లో ఎందుకు కూర్చున్నాడు? సోమరితనం వల్ల కాదు. ఊరందరికీ, దేశానికీ రేపు చేప ఉండాలని కూర్చున్నాడు. అందుకే ప్రభుత్వం భృతి ఇస్తుంది. దాన్ని దానం అనుకోవడం తప్పు. 2019కి ముందు అది 4,000 రూపాయలు. 2019లో 10,000 చేశారు. 2025లో 20,000 చేశారు.

ఇరవై వేలు అంటే పెద్ద మొత్తంలాగే వినపడుతుంది. ఇక్కడే ఇంట్లో గొడవ మొదలవుతుంది.

ఊహకు ఒక ఇల్లు తీసుకుందాం. మొగుడు పడవ మీద కూలికి పోతాడు. పెళ్లాం రేవులో పాట పాడి చేపలు కొని, గంపలో పెట్టుకుని ఊళ్లలో అమ్ముతుంది. అత్త ఉంది. బడికి పోయే పిల్లలు ఇద్దరు. మొత్తం ఐదుగురు. డబ్బులు బ్యాంకులో పడిన ఇరవై రోజులకు అత్త అడిగింది.

"ఏందమ్మే, మొన్ననే గదా ఇరవై వేలు వచ్చింది. అప్పుడే లేదంటావు. ఇల్లు నడపటం నీకు చేతగాదు."

కోడలు కొట్లాటకు పోలేదు. పిల్లవాడి నోటుబుక్కు తెచ్చింది.

"లెక్క రాసినా అత్తా. చదవతా, విను."

ఆమె చదివిన లెక్క ఇది. 20,000 రూపాయలను 61 రోజులకు పంచితే రోజుకు 328 రూపాయలు. ఇంట్లో పాత అప్పు 30,000 ఉంది. నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 900, రెండు నెలలకు 1,800. అది తీసేస్తే మిగిలేది 18,200. రోజుకు 298 రూపాయలు. ఐదుగురికి పంచితే ఒక్కొక్కరికి 60 రూపాయలు కూడా రాదు. బియ్యం, నూనె, గ్యాసు, అత్తకు మందులు, కరెంటు బిల్లు అన్నీ అందులోనే. నిషేధం జూన్ 14 దాకా. బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. అంటే చేతిలో డబ్బు అడుగంటిన రోజుల్లోనే నోటు పుస్తకాలు, బూట్లు కొనాలి.

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా మందులకు ఎంత రాసినావు?" అని అడిగింది.

ఆ నోటుబుక్కు వల్ల డబ్బు ఒక్క రూపాయి కూడా పెరగలేదు. కానీ "నీకు చేతగాదు" అన్న మాట ఆగిపోయింది. అదేమీ తక్కువ లాభం కాదు.

ఇంకొక చిక్కు ఉంది. భృతి ఎంత అన్నదే కాదు, ఎప్పుడు వస్తుంది అన్నది కూడా ముఖ్యం. 2025లో ఏప్రిల్ 26న ఇచ్చారు. 2022లో, 2023లో మే నెల మధ్యలో ఇచ్చారు. నిషేధం మొదలైంది ఏప్రిల్ 15న. డబ్బు మే మధ్యలో వస్తే ఆ నెల రోజులు ఇల్లు ఎలా గడవాలి? చాలా ఇళ్లు అప్పులో పడేది ఆ నెలలోనే. భృతి చేతికి వచ్చేసరికి అది అప్పిచ్చిన వాడి డబ్బు అయిపోయి ఉంటుంది.

అప్పులు రకరకాలు. చేపల వ్యాపారి దగ్గర తీసుకుంటే వడ్డీ లేదంటాడు. కానీ పట్టిన చేప ఆయనకే ఇవ్వాలి, ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి. వడ్డీ ఆ ధరలో దాక్కుని ఉంటుంది. రోజువారీ ఫైనాన్సు వాళ్లు 10,000 అని రాసుకుని, ముందే 1,000 కోసుకుని 9,000 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వేట ఉన్న రోజు 100, వేట లేని రోజు కూడా 100. పైన చెప్పిన ఇంటికి రోజుకు 328 కదా. అందులో వంద వీళ్లకే పోతే తినడానికి ఏం మిగిలింది?

పొదుపు గ్రూపులో నూటికి రూపాయి వడ్డీకి అప్పు దొరికిందనుకోండి. అదే 30,000కు నెలకు 300. నూటికి మూడైతే 900. రెండు నెలల్లో 1,200 రూపాయల తేడా. ఒక పిల్లవాడి బడి ఖర్చులు చాలావరకు అందులో గడుస్తాయి.

ఈ పొదుపు గ్రూపులకు నెల్లూరు జిల్లాలో ఒక చరిత్ర ఉంది. 1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం సాగింది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు చదువుతోపాటు తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. మొగుళ్ల కూలి డబ్బు సారా అంగడికి పోతోందని లెక్క వేసుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో మొదలై సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. తాగడానికి పోయే డబ్బును దాచుకుందామని ఆడవాళ్లు రోజుకు ఒక రూపాయి పొదుపు మొదలుపెట్టారు. దాన్నే పొదుపు లక్ష్మి అన్నారు.

అప్పుడు ఆడవాళ్ల ముందున్న ప్రశ్నే ఇప్పుడూ ఉంది. తాగేవాడిది తప్పా? ఊళ్లో అంగడి పెట్టించిన వాళ్లది తప్పా? ఆడవాళ్లు రెండింటినీ వదల్లేదు. ఇంట్లో మొగుణ్ణి నిలదీశారు. బయట సారా పాటలను ఆపించారు.

పని పోవడం గురించి కూడా అలాగే ఆలోచించాలి. తప్పు వేరు, బాధ్యత వేరు. రెండూ కలిపేస్తే నష్టపోయేది పేద ఇల్లే.

వేట నిషేధం ముందే తెలిసిన ఖాళీ. తేదీలు క్యాలెండరులో ఉంటాయి. చెప్పకుండా వచ్చే ఖాళీ ఇంకొకటి ఉంది. 1994, 1995లో రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు వచ్చింది. జిల్లాలో గుంటలు ఎండిపోయాయి. గుంటల మీద కాపలా ఉన్నవారు, రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు పని లేక నిలబడిపోయారు. 2008 జులైలో కృష్ణపట్నంలో కొత్త పోర్టు మొదలైంది. చుట్టుపక్కల కుర్రవాళ్లు కొందరు వల వదిలి పోర్టు పనికి పోయారు. 2024 మొదట్లో ఆ పోర్టుకు కంటైనర్ ఓడలు రావడం ఆగిపోయింది. ఆ పని మీద బతికే కూలీలకు, లారీ డ్రైవర్లకు పని పోయింది. జిల్లాలో ఆందోళనలు జరిగాయి.

ఏ ఓడ ఏ రేవుకు పోవాలో తేల్చేది లారీ డ్రైవరు కాదు. అతను తెల్లవారుజామునే లేచినా, లేవకపోయినా ఆ ఓడ రాదు. అలాంటి మనిషిని "సంపాదించటం చేతగాని వాడు" అంటే అది అబద్ధం. అతను కూడా ఆ మాట నమ్మితే ఇంకా ప్రమాదం. సిగ్గుతో బయటికి రాడు. రావలసిన డబ్బు కూడా అడగడు.

రావలసిన డబ్బు ఏముంటుంది? జీతంలో పి.ఎఫ్. కోత ఉంటే అది అతని సొంత డబ్బు. ఎంత తీసుకోవచ్చు, ఎప్పుడు తీసుకోవచ్చు అన్న నియమాలు 2025లో మార్చారు. అందుకని తీసుకునే ముందు కనుక్కోవాలి. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారి కోసం 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని ఒకటి పెట్టారు. పని పోతే 90 రోజుల దాకా సగటు కూలిలో సగం ఇచ్చే పథకం. దాని గడువు పెంచుతూ వచ్చారు. ఇ.ఎస్.ఐ. ఆఫీసులో అడగాలి. ఏ కోతా లేని దినకూలీకి ఇవేవీ రావు. అది అతని తప్పు కాదు, కాని అతని ఇంటికి తెలిసి ఉండాలి.

మరి మొగుడి బాధ్యత ఏమీ లేదా? ఉంది. నిషేధంలో వల బాగు చేసుకోవచ్చు. కూలికి పోవచ్చు. ఇంజను లేని చిన్న పడవలకు ఈ నిషేధం లేదు. 61 రోజులూ చెట్టు కింద పేకాట ఆడితే దానికి సముద్రం జవాబు చెప్పదు, ప్రభుత్వం చెప్పదు. అతనే చెప్పాలి. వచ్చిన భృతిలో ఎంత తాగాడు అన్న దానికి కూడా అతనే చెప్పాలి. కానీ పని వెతికి, దొరక్క తిరిగి వచ్చిన వాణ్ణి, వెతకని వాణ్ణి ఒకే మాటతో తిట్టకూడదు.

ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. పడవ ఆగితే గంప కూడా ఆగుతుంది. పాట లేదు, చేప లేదు, అమ్మకం లేదు. కానీ భృతి జాబితాలో ఉండేది పడవ మీద వేటకు పోయేవారి పేర్లు. గంప మోసే ఆమె పని పోయినా, పోయిందని రాసుకునే వాళ్లు లేరు. ఆమె సంపాదన లేకుండానే ఇల్లు నడపాలి. డబ్బు చాలకపోతే మాట పడాలి. ఇది న్యాయమా? గ్రామసభలో అడగవలసిన ప్రశ్న ఇది. పదిమంది కలిసి కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి ఇవ్వవచ్చు.

ఫిబ్రవరి, మార్చిలో చేప ఎక్కువ పడిన రోజున కొంత ఎండబెట్టి దాచుకునే ఆడవాళ్లు ఉన్నారు. నిషేధంలో పచ్చి చేప తక్కువగా దొరుకుతుంది కనుక ఎండు చేపకు గిరాకీ ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి భృతి వచ్చేదాకా ఉండే ఆ కంత పూడ్చడానికి ఇది మంచి ఉపాయం. అందరికీ కుదరదు. ఎండబెట్టేందుకు చోటు కావాలి, ఆ రోజు అమ్మకపోయినా ఇల్లు గడవాలి.

మీ నోటుబుక్కులో ఈ లెక్క వేయండి. వేట ఉన్న రోజుల్లో, వారానికి ఐదు రోజులు, రోజుకు 20 రూపాయలు దాచితే జూన్ 15 నుంచి ఏప్రిల్ 14 దాకా, అంటే 43 వారాల్లో ఎంత అవుతుంది? ఆ డబ్బుతో మీ ఇల్లు ఎన్ని రోజులు గడుస్తుంది? లెక్కను ఇంట్లో అందరికీ పైకి చదివి వినిపించండి.