బొమ్మ కొరికింది కుక్కపిల్ల, తప్పెవరిది?

ప్రశ్న: మా నాన్నగారు దాచుకున్న కొండపల్లి దశావతారాల్లో రెండు బొమ్మల్ని మా ఐదు నెలల లాబ్రడార్ నమిలేసింది. తలుపు వేయలేదని అందరూ తమ్ముణ్ణి తిడుతున్నారు. తప్పెవరిది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కుక్కపిల్లది మాత్రం కాదమ్మా. దానికిప్పుడు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే వయసు. చిగుళ్లు సలుపుతుంటే దొరికిందల్లా కొరుకుతుంది. కొండపల్లి బొమ్మ చేసే తెల్ల పొణికి కర్ర తేలిక, మెత్తన. చేతులూ కిరీటాలూ అతికేది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. పంటికి ఇట్టే లొంగుతుంది.

ఇలాంటి నష్టం మీకొక్కరికే కాదు. 1936లో అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్ ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ నవల రాతప్రతిలో దాదాపు సగాన్ని ఆయన కుక్కపిల్ల చింపేసింది. రెండు నెలల పని మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చినా ఆయన దాన్ని పెద్దగా శిక్షించలేదు.

తమ్ముణ్ణీ వదిలేయండి. బొమ్మలు కుక్కపిల్లకి అందే ఎత్తులో ఉన్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. వాటిని అద్దాల బీరువాలోకి మార్చండి. కొరుకుతూ కనబడితే ‘వద్దు’ అని, వెంటనే దాని రబ్బరు బొమ్మ అందించండి. గంట తర్వాత తిడితే ఎందుకో దానికి అర్థం కాదు. విరిగిన ముక్కలు పారేయకుండా కొండపల్లి కళాకారులకు చూపించండి.

ఇక ఒక జాగ్రత్త: కుక్కపిల్ల మింగిన కర్రపేళ్లు పేగుల్లో గుచ్చుకోవచ్చు, అడ్డుపడొచ్చు. వాంతులైనా, తిండి మానేసినా, కడుపు ఉబ్బినా, విరేచనంలో రక్తం కనబడినా తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.